నాలుగు గద్దలు మిగిలిన చోట ఒక మనిషి ఏం చేయగలడు?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. మారిషస్‌లో నాలుగే మిగిలిన గద్దల జాతిని కార్ల్ జోన్స్ అనే ఆయన వందల్లోకి తెచ్చాడని చదివానన్నారు, అది ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా? ఈ వృత్తిలో ఉన్నవాళ్లు రోజూ చేసేదేమిటి? నాలుగు పక్షుల నుంచి పెరిగిన జాతి లోపల్లోపల బలహీనంగానే ఉంటుంది కదా, అంత శ్రమా దండగ కాదా? జువాలజీలో పీజీ పూర్తిచేసి ఈ దారిలోకి రావాలనుకుంటున్నానని కూడా రాశారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను. నేను ఇరవై ఏళ్లకు పైగా పక్షులను పెంచే కేంద్రాల్లోనూ, అడవిలో గూళ్ల దగ్గరా పనిచేశాను. జోన్స్ దగ్గర పనిచేయలేదు. కానీ ఆయన పద్ధతుల ఊసు రాకుండా మా పనిలో ఒక్క సీజనూ గడవదు.

ముందు ఆ గద్ద సంగతి. మారిషస్ కెస్ట్రెల్ అనే ఈ చిన్న గద్ద పావురం కన్నా తేలికగా ఉంటుంది. మిగతా కెస్ట్రెల్స్ బయళ్ల మీద గాల్లో నిలబడి కిందకి చూస్తూ వేటాడతాయి. ఇది అలా కాదు. పొట్టి, గుండ్రటి రెక్కలతో చెట్ల మధ్య నుంచి దూరుకుంటూ పోయి ఆకుపచ్చ బల్లుల్ని పట్టుకుంటుంది. అంటే దానికి అడవి కావాలి. డోడో పక్షి బతికి అంతరించిన ఆ దీవిలో చెరకు కోసం, టీ కోసం కొట్టేయగా మంచి స్థానిక అడవి ఇప్పుడు రెండు శాతం దాకా మిగిలింది. దాని మీద 1950లు, 60లలో మలేరియా దోమల కోసం కొట్టిన డీడీటీ. ఆ మందు పక్షి ఒంట్లో చేరితే గుడ్డు పెంకుకు కాల్షియం సరిగా అందదు, పెంకు పలచబడుతుంది, పొదగడానికి తల్లి కూర్చుంటేనే పగిలిపోతుంది. ఇంకా ఎలుకల కోసమని తెచ్చి వదిలిన ముంగిసలు, ఓడల్లో వచ్చిన ఎలుకలు, పిల్లులు, కోతులు. 1974లో లెక్కపెడితే అడవిలో నాలుగు పక్షులు తేలాయి. వాటిలో పిల్లల్ని చేస్తున్న ఆడది ఒక్కటే. అప్పట్లో ప్రపంచంలోకెల్లా అరుదైన పక్షి ఇదేనని చెప్పుకునేవాళ్లు.

ఇక్కడే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబుంది. ఈ కథ జోన్స్‌తో మొదలవలేదు. 1973లోనే స్టాన్లీ టెంపుల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అక్కడ పని మొదలుపెట్టాడు. కొన్నిటిని పట్టి పంజరంలో పెంచి పిల్లల్ని చేయించాలని చూశారు, అది కలిసిరాలేదు. 1979 వచ్చేసరికి చాలామంది ఆశ వదిలేశారు. ఇంకెలాగూ పోయే జాతి మీద పెట్టే డబ్బుతో నిలబడే అవకాశమున్న వేరే జాతుల్ని కాపాడొచ్చు కదా అన్నది వాళ్ల వాదన. అది తెలివితక్కువ వాదనేమీ కాదు, ఈ రోజుకీ ప్రతి బడ్జెట్ మీటింగులో ఎవరో ఒకరు అంటారు. జోన్స్‌ని ఆ ఏడాది మారిషస్ పంపిందే ఆ ప్రాజెక్టును సర్దేసి రమ్మని. అప్పటికి ఆయన వయసు పాతిక లోపే.

ఆయన సర్దలేదు. ధైర్యం వల్ల మాత్రమే అయితే ఆ కథ రెండేళ్లలో ముగిసిపోయేది. నా ఉద్దేశంలో అసలు కారణం వేరు. వేల్స్‌లో చిన్నప్పటి నుంచీ ఇంటి పెరట్లో గద్దల్ని, గుడ్లగూబల్ని పెంచిన అలవాటు ఆయనకుంది. గద్ద ఎప్పుడు ఆకలిగా ఉంది, ఎప్పుడు బెదిరింది, ఎప్పుడు జతకట్టే మూడ్‌లో ఉంది అన్నది దాని ఈకలు చూసి చెప్పగలిగే మనిషి. యూనివర్సిటీ నుంచి నేరుగా వచ్చిన మాలాంటివాళ్లకు ఆ చూపు రావడానికి ఏళ్లు పడుతుంది. నాకైతే ఆరేడేళ్లు పట్టింది.

ఇక ఆయన చేసిన పని. కోడి కింద నుంచి గుడ్లు తీస్తూ ఉంటే అది ఇంకా పెడుతూ పోతుందని అందరికీ తెలుసు. చాలా అడవి పక్షులు కూడా మొదటి విడత గుడ్లు పోతే రెండో విడత పెడతాయి. కాబట్టి కొండ చరియలో ఉన్న గూటి దాకా తాడు కట్టుకుని దిగి, మొదటి విడత గుడ్లను తీసుకొచ్చి ఇంక్యుబేటర్‌లో పెడతారు. తల్లి మళ్లీ పెడుతుంది, వాటిని అదే పొదుగుకుంటుంది. ఒక జత నుంచి ఏడాదికి వచ్చే పిల్లలు రెట్టింపు అవుతాయి. చెప్పడానికి ఇంతే. కానీ నాలుగు పక్షులే ఉన్నప్పుడు గూట్లో ఉన్న గుడ్లు ఎత్తుకురావడం అంటే ఎంత టెన్షనో ఆలోచించండి. తాడు జారితే, పెంకు చిట్లితే, తల్లి బెదిరి ఆ చోటే వదిలేస్తే, ఆ ఏడాదికి జాతి మొత్తం ఆశ పోయినట్టే.

రెండో విడత పెట్టాలంటే తల్లికి ఒంట్లో శక్తి ఉండాలి. అందుకని జోన్స్ అడవిలోని జతలకు చచ్చిన ఎలుకలు వేసి మేపాడు. అవి మనిషిని గుర్తుపట్టి మేత కోసం దిగివచ్చేలా అలవాటు చేశాడు. 'అడవి పక్షికి అలా తిండి పెడితే అది అడవి పక్షి ఎలా అవుతుంది?' అని అప్పట్లో ముఖం చిట్లించినవాళ్లున్నారు. ఇప్పుడు ప్రతి సంరక్షణ పథకంలోనూ అదనపు మేత అనేది మామూలు మాట. గూళ్ల కోసం పెట్టెలు కట్టి కొండలకు, చెట్లకు బిగించారు. ఆ చుట్టుపక్కల ముంగిసలకు, పిల్లులకు బోనులు పెట్టారు.

ఇంక్యుబేటర్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే 'రోజూ చేసేదేమిటి' అన్నదానికి జవాబు అక్కడుంది. గుడ్డు పెంకుకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. పొదిగే రోజుల్లో వాటిలోంచి నీరు ఆవిరైపోతూ ఉంటుంది. పిల్ల పెంకు పొడిచే సమయానికి గుడ్డు తన మొదటి బరువులో సుమారు 15 శాతం కోల్పోవాలి. అంతకన్నా బాగా తక్కువ కోల్పోతే లోపల గాలి గది చిన్నదిగా ఉండి పిల్ల ఊపిరాడక చచ్చిపోతుంది. మరీ ఎక్కువ కోల్పోతే పొరలు ఎండి పిల్లకు అతుక్కుపోతాయి. అందుకని ప్రతి గుడ్డునూ రోజూ తూచి, గ్రాఫ్ మీద చుక్క పెట్టి, గీత ఎటు పోతోందో చూసి తేమ పెంచడమో తగ్గించడమో చేస్తాం. లైటు పెట్టి రక్తనాళాలు చూస్తాం. రోజుకు ఇన్నిసార్లని తిప్పుతాం. రాత్రి రెండింటికి లేచి థర్మామీటర్ చూస్తాం.

నా మొదటి సీజన్లో తేమ మీటరు తప్పు చూపిస్తోందని నాకు తట్టలేదు. గుడ్ల బరువు తగ్గాల్సినంత తగ్గడం లేదని గ్రాఫ్ చెప్తూనే ఉంది. నేను గ్రాఫ్‌ను కాకుండా మీటరును నమ్మాను. మూడు గుడ్లు పోయాయి. మూడింటిలోనూ పిల్ల పూర్తిగా పెరిగి, పెంకు పొడవలేక ఆగిపోయింది. నాకు పని నేర్పిన ఆయన తిట్టలేదు, ఆ గ్రాఫ్ కాగితాన్ని మాత్రం ఇంక్యుబేటర్ తలుపుకు అంటించాడు. నేనక్కడ ఉన్నంతకాలం అది అలాగే ఉంది. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది తూకం గురించే. వాళ్లేమో నన్ను జీనోమ్ గురించి అడుగుతుంటారు.

పెంచిన పిల్లల్ని వదలడం ఇంకో విద్య. గద్దల్ని వేటకు పెంచేవాళ్ల దగ్గర శతాబ్దాలుగా ఉన్న పద్ధతొకటి ఇక్కడ పనికొచ్చింది. ఎగరడానికి సిద్ధమవుతున్న పిల్లల్ని కొండ మీద ఒక పెట్టెలో ఉంచి, మనిషి కనబడకుండా మేత అందిస్తారు. కొన్నాళ్లకు తలుపు తెరుస్తారు. అవి ఎగిరి, తిరిగి, వేట రాక ఆకలితో పెట్టె దగ్గరకే వస్తాయి. వేట వచ్చేదాకా వారాల తరబడి మేత అక్కడ ఉంటుంది. అమెరికాలో టామ్ కేడ్ మొదలుపెట్టిన పెరెగ్రిన్ ఫండ్ వాళ్లు డీడీటీ దెబ్బతిన్న పెరెగ్రిన్ డేగల్ని ఈ దారిలోనే వెనక్కి తెచ్చారు. 1999లో ఆ పక్షి అక్కడ అంతరించే జాబితా నుంచి బయటపడింది. వాళ్ల సాయం మారిషస్‌కూ అందింది. 1984 నుంచి 1994 దాకా 300కు పైగా కెస్ట్రెల్స్‌ని వదిలారు. ఆ జాతి ఎప్పుడో కనుమరుగైన తూర్పు కొండల్లో కూడా మళ్లీ గూళ్లు కట్టాయి. ఆ తర్వాత వదలడం ఆపేశారు.

కాబట్టి ఒక్క మనిషేనా అంటే, కాదు. టెంపుల్ మొదలుపెట్టాడు. ఇంగ్లిష్ చానల్లోని జెర్సీ దీవిలో జెరాల్డ్ డరెల్ పెట్టిన వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్బూ మనుషుల్నీ ఇచ్చింది. మారిషస్ అటవీశాఖ వాళ్లు, తాళ్లు పట్టుకున్నవాళ్లు, ఎలుకల్ని పెంచినవాళ్లు, రోజూ పంజరాలు కడిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు వార్తల్లో రావు. కానీ ఒక్క మనిషి లేకపోతే జరిగేదా అంటే, అదీ కాదు. నాకు తెలిసిన ప్రతి విజయం వెనకా పదిహేను, ఇరవై, ముప్పై ఏళ్లు ఒకే చోట ఉండిపోయిన మనిషి ఒకరు కనబడతారు. ప్రాజెక్టులకు డబ్బిచ్చేవాళ్లు మూడేళ్ల చొప్పున ఇస్తారు. పక్షి ఆ మూడేళ్ల లెక్కలో బతకదు.

జోన్స్ ఉండిపోయాడు కాబట్టే పింక్ పావురం, ఎకో చిలుక కూడా బతికాయి. ఇవి కెస్ట్రెల్ అంత పేరు తెచ్చుకోలేదు గానీ, పని నేర్చుకోవడానికి నన్నడిగితే ఇవే మంచి పాఠాలు. 1990లో అడవిలో పింక్ పావురాలు పది దాకా ఉన్నాయి. గూట్లో గుడ్డు పెడితే ఎలుక తినేసేది. పంజరంలో పెంచినవాటి గుడ్లను పెంపుడు గువ్వల కింద పెట్టి పొదిగించారు. గువ్వలు తమ మెడ సంచిలో ఊరే పాలలాంటి పదార్థంతో పిల్లల్ని పెంచాయి. ఆ పాలు మనం తయారుచేయలేం, అందుకే గువ్వలు కావాల్సి వచ్చింది. ఎలుకల్ని ఏరేసిన ఇల్ ఓ ఎగ్రెట్ అనే చిన్న దీవిలోనూ, అడవిలోనూ వదిలి గోధుమలు, మొక్కజొన్న వేసే చోట్లు పెట్టారు. ఇప్పుడు 400 దాటాయి. అయితే మేత వేసే చోట పక్షులు గుంపవుతాయి, గుంపైన చోట గొంతు జబ్బు పాకుతుంది. బయటి నుంచి వచ్చిన పావురాలే ఆ జబ్బును మోసుకొస్తాయి. మేత ఆపితే ఆకలి, పెడితే జబ్బు. దీనికి శాశ్వత పరిష్కారం ఇప్పటికీ లేదు. పాత్రలు కడగడం, పక్షుల్ని పట్టి మందు వేయడం, మళ్లీ కడగడం, అంతే.

ఎకో చిలుక విషయంలో తమాషా ఏమిటంటే, దానికి తొర్రల కోసం పోటీ వచ్చింది ఎవరో కాదు, బయటి నుంచి ఆ దీవికి చేరిన రామచిలుకే. 1980లలో ఎకో చిలుకలు కూడా పది దాకానే ఉండేవి. జోన్స్ బృందం గూళ్లు చూస్తే ఒక సంగతి తెలిసింది. రెండు మూడు పిల్లలు పొదిగినా ఎక్కువగా ఒక్కటే ఎగిరే దాకా వచ్చేది, మిగతావి ఆకలికి పోయేవి. ఎలాగూ పోయే ఆ పిల్లల్ని తెచ్చి చేతితో పెంచారు, గుడ్లు చెడిన జతల కింద కొన్నిటిని పెట్టారు. పిల్లల రక్తం తాగే గూటి ఈగల్ని చంపడానికి తొర్రలకు మందు వేశారు. ఇప్పుడు ఆ చిలుకలు 750 పైనే. చూడండి, ఇందులో గొప్ప సిద్ధాంతమేదీ లేదు. గూటి ముందు కూర్చుని ఎన్ని పుట్టాయి, ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి అని రాసుకున్న పుస్తకం ఉంది.

ఆ పుస్తకం రాస్తూ కూర్చోవడమే పని అనుకునే ప్రమాదం కూడా ఉంది. నాకు ఈ విషయంలో కాస్త కోపముంది. జాతి తగ్గుతోందని పదేళ్లు అందంగా లెక్కపెట్టి, చివరి పక్షి పోయాక మంచి పేపర్ రాసిన సందర్భాలు మా రంగంలో చాలా ఉన్నాయి. కారణం పూర్తిగా తెలిశాకే చేయి వేద్దాం అనుకుంటే చేయి వేయడానికి పక్షి ఉండదు. హవాయిలోని పోఔలీ అనే చిన్న పిట్ట సంగతి చూడండి. మావి దీవిలో దాన్ని మొదట చూసిందే 1973లో. ఆఖరికి మూడే మిగిలాయి, మూడూ దూరదూరంగా ఉన్నాయి. 2002లో ఆడదాన్ని పట్టి మగది ఉన్న చోట వదిలితే మర్నాటికల్లా తన పాత చోటికి ఎగిరిపోయింది. 2004లో ముసలి మగపక్షినొకదాన్ని పట్టి పంజరంలో పెట్టారు, జత దొరకలేదు, ఆ నవంబర్లో పోయింది. ఆ జాతిలో మనిషికి తెలిసిన చివరి పక్షి అదే. పదేళ్లు ముందే పట్టి ఉంటే అంటూ ఇప్పటికీ వాదించుకుంటారు. పట్టి ఉంటే బతికేదని నేను చెప్పలేను. పట్టకపోతే ఏమైందో మాత్రం చూశాం.

చేయి వేయడం గురించి ఇంత చెప్పాక, చేయి తీయడం గురించి కూడా చెప్పాలి. దీనికి న్యూజిలాండ్‌కు చెందిన డాన్ మెర్టన్ కథ కావాలి. చాటమ్ దీవుల్లో బ్లాక్ రాబిన్ అనే నల్లటి చిన్న పిట్ట ఉంది. 1976లో ఏడు మిగిలితే, అడవి పాడైపోయిన ఆ చిన్న దీవి నుంచి పక్క దీవికి మార్చారు. 1980 నాటికి ఐదే. పిల్లల్ని చేయగల ఆడది ఒక్కటే, కాలికి నీలం రింగు ఉండటంతో దాన్ని 'ఓల్డ్ బ్లూ' అనేవాళ్లు. మెర్టన్ దాని గుడ్లు తీసి వేరే జాతి పిట్టల గూళ్లలో పెట్టాడు. మొదట వార్బ్లర్ల కింద పెడితే పొదిగాయి గానీ పిల్లలకు చాలినంత మేత తేలేకపోయాయి. తర్వాత ఇంకో దీవిలోని టామ్‌టిట్ల కింద పెడితే పని జరిగింది. అప్పుడు ఇంకో చిక్కు: టామ్‌టిట్లు పెంచిన రాబిన్ పిల్లలు కొన్ని తమని తాము టామ్‌టిట్లనుకున్నాయి, వాటి పాటే పాడాయి. చివరిదశలో పిల్లల్ని మళ్లీ రాబిన్ల గూటికి చేర్చి దాన్ని సరిదిద్దారు. ఈ రోజున్న బ్లాక్ రాబిన్లు 250కి పైగా, అన్నీ ఓల్డ్ బ్లూ, దాని జంట 'ఓల్డ్ ఎల్లో' సంతానమే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజుల్లో కొన్ని ఆడపిట్టలు గుడ్డును గూటి మధ్యలో కాకుండా అంచు మీద పెట్టేవి. అంచు మీది గుడ్డు పొదగబడదు. ప్రతి గుడ్డూ ప్రాణంతో సమానమైన రోజులు కాబట్టి కాపలావాళ్లు దాన్ని మెల్లగా లోపలికి నెట్టేవాళ్లు. నేనైనా నెట్టేవాణ్ణే. కానీ అంచు మీద పెట్టే గుణం తల్లి నుంచి పిల్లకు వచ్చేది. మామూలుగా అయితే ఆ గుడ్లు చెడి గుణం దానంతటదే పోయేది. మనుషులు నెట్టి కాపాడటంతో అది పాకి, 1980ల చివరికి సగానికి పైగా ఆడపిట్టలు అంచు మీదే పెట్టసాగాయి. ఇక నెట్టొద్దని నిర్ణయించాక ఏటికేడు తగ్గింది. నెట్టడం ఆపిన మొదటి సీజన్లో ఆ గూళ్ల ముందు నిలబడి చేతులు కట్టుకుని చూసినవాళ్ల పరిస్థితి నేను ఊహించగలను. గుడ్డు కనబడుతోంది, వేలితో ఒక్క నెట్టు నెడితే చాలు, నెట్టకూడదు.

మెర్టన్ పనిచేసిన కకాపో చిలుక దగ్గర కూడా ఇలాంటిదే జరిగింది. ఎగరలేని ఆ పెద్ద చిలుకలు 1995లో 51 ఉన్నాయి. బాగా పిల్లల్ని పెట్టాలని అదనపు మేత పెట్టారు. బలిసిన తల్లులకు మగపిల్లలే ఎక్కువ పుట్టాయి. అసలే ఆడవి తక్కువైన జాతి! లెక్కలు చూసి అర్థమయ్యాక ఆడపక్షులను తూచి, బరువు ఒక హద్దు దాటకుండా మేత కొలిచి పెట్టడం మొదలుపెట్టారు. 2022లో లెక్క 252కి చేరింది. మళ్లీ తూకమే, చూశారా.

మీ మూడో ప్రశ్న, జన్యువుల సంగతి. మీ అనుమానం సరైనదే, కానీ దాని నుంచి తీసిన ముగింపు సరైంది కాదు. మ్యూజియాల్లో ఉన్న పాత చర్మాల్లోని డీఎన్ఏతో పోల్చి చూస్తే మారిషస్ కెస్ట్రెల్ తన జన్యు వైవిధ్యంలో చాలా భాగం పోగొట్టుకుందని తేలింది. సంఖ్య కుంచించుకుపోయిన ఆ రోజుల్లో అది దాదాపు ఒక్క జత దాకా వెళ్లింది. అయినా గుడ్లు పొదుగుతున్నాయి, పిల్లలు ఎగురుతున్నాయి. బ్లాక్ రాబిన్లూ అంతే. పింక్ పావురం విషయం అంత తేలిక కాదు. లెక్క పెరిగినా లోపల చెడు జన్యువులు పోగుపడుతూనే ఉన్నాయని ఈమధ్య అధ్యయనాలు చెప్పాయి. అడవిలో పోయిన వంశాలు కొన్ని జూలలోని పావురాల్లో మిగిలి ఉన్నాయి కాబట్టి వాటిని తెచ్చి కలపడం దారి. ఒకప్పుడు పంజరంలో పెట్టిన పక్షి ఇప్పుడు అడవిలోని దాని దాయాదుల్ని కాపాడే స్థితి వచ్చింది. కాబట్టి జన్యువులు తక్కువని వదిలేస్తే రేపు కలపడానికి కూడా ఏమీ మిగలదు. ముందు పక్షి ఉండాలి.

పక్షిని మాత్రమే పట్టుకుని కూర్చుంటే కూడా చాలదు. జోన్స్ తర్వాతి ఏళ్లలో ఎక్కువగా మాట్లాడింది అడవుల గురించి, దీవుల గురించి. మారిషస్ పక్కనున్న రౌండ్ ఐలాండ్‌లో కుందేళ్లు మొలకెత్తినదల్లా తినేస్తుంటే 1986లో వాటిని పూర్తిగా తొలగించారు, ఆ పనికి న్యూజిలాండ్ నుంచి వెళ్లింది ఈ మెర్టనే. తర్వాత అంతరించిన పెద్ద తాబేళ్ల స్థానంలో అల్డాబ్రా అనే దీవుల పెద్ద తాబేళ్లను వదిలారు. అవి పండ్లు తిని గింజలు దూరం తీసుకెళ్లి వేస్తాయి, కలుపును మేస్తాయి. పక్షుల మనిషి చివరికి తాబేళ్ల దగ్గర తేలాడని కొందరు నవ్వారు. ఆ చెట్లు పెరిగాకే కదా పక్షికి ఇల్లు.

ఇక మీ సంగతి. జీతం తక్కువ, మొదటి కొన్నేళ్లు కాంట్రాక్టు బతుకే. పండగలు పక్షుల సీజన్‌తో కలిసి వస్తాయి, ఇంటికి వెళ్లలేరు. ఎలుకల్ని, పిల్లుల్ని చంపాల్సి వస్తుంది. జంతువుల మీద ప్రేమతో ఈ పనిలోకి వచ్చినవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు, వాళ్లను నేను తప్పుపట్టను. పీహెచ్‌డీ అవసరమా అంటే, తర్వాత చేయొచ్చు. ముందు ఒక రెండేళ్లు ఏదైనా పెంపక కేంద్రంలో, అవకాశం లేకపోతే కోళ్ల హేచరీలోనైనా సరే, గుడ్ల దగ్గర పనిచేయండి. దాంతోపాటు అరుదైనది కాకుండా బాగా మామూలుగా దొరికే పక్షినొకదాన్ని ఎంచుకుని ఒక సీజన్ మొత్తం పది గూళ్లు చూడండి. దూరం నుంచే, ముట్టుకోకుండా. ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు, ఏది ఏ రోజు పోయింది, ఎందుకని. మీకు ఇంటర్వ్యూ చేసేవాళ్లలో నాలాంటివాడుంటే డిగ్రీ కన్నా ముందు ఆ నోట్‌బుక్ అడుగుతాడు.

ఒకటి మర్చిపోయాను. మీరు చదివిన వ్యాసం కెస్ట్రెల్ బతికిపోయిందన్న చోట ఆగి ఉంటుంది. 1994లో ఆ పక్షిని అంతర్జాతీయ జాబితాలో ప్రమాద స్థాయి తగ్గించి కింది మెట్టుకు దించారు, అందరూ సంతోషించారు. 2014లో సంఖ్య మళ్లీ తగ్గుతోందని తిరిగి 'అంతరించే ప్రమాదం' వర్గంలోకి చేర్చారు. అడవి పెరగలేదు, పరాయి మొక్కలు కమ్మేస్తున్నాయి, గూళ్లకు మంచి చోట్లు తక్కువ. గూటి పెట్టెలు మళ్లీ కడుతున్నారు, పాతవి బాగుచేస్తున్నారు.